సోకా సంగీతమునకు ఆద్యుడు రాస్ షార్టీ

దక్షిణ అమెరికా ఖండమునకు ఉత్తరమున, వెనిజులా తీరమునకు 11 కిలోమీటర్ల దూరమున, ట్రినిడాడ్ అను ద్వీపమొకటి కలదు. వైశాల్యమున అది మన తుమకూరు జిల్లాలో సగమైనను లేదు. అయినను పాటల విషయమున అది చాల పెద్ద దేశము. ఏటేట క్రిస్మస్ మొదలు భస్మ బుధవారము వరకు అచట క్రొత్త పాటల ఋతువు నడచును. ఆ బుధవారమునకు ముందు వచ్చు సోమ మంగళవారములలో కార్నివాల్ అను మహోత్సవము జరుగును. ఆ రెండు దినములును ఊరేగింపు వీధులలో ఏ పాట ఎక్కువ మారులు మ్రోగునో దానికి రోడ్ మార్చ్ అను గౌరవము దక్కును. మనకు సంక్రాంతికి క్రొత్త చలనచిత్రములు వచ్చునట్లే అచటివారికి కార్నివాల్ పండుగకు క్రొత్త పాటలు విడుదల యగును. పండుగ ముగిసిన పిమ్మట వానిలో పెక్కు మరపున పడిపోవును.

ఆ పాటలలో నేడు ప్రధానమైనది సోకా అను రకము. అదే సముద్రమున చాల దూరముగా వాయవ్యదిశనున్న జమైకా ద్వీపమునుండి వచ్చిన రెగే, డ్యాన్స్‌హాల్ అను రెండును, ట్రినిడాడ్ సోకాయు కలిసి ఆ దీవుల జనులు వలసపోయిన లండను, న్యూయార్కు, టొరంటో నగరములలో కూడ వినబడుచుండును. ఈ మూడింటిలో సోకాకు మన దేశముతో చుట్టరికము కలదు. దానిని రూపొందించినవాడు గార్ఫీల్డ్ బ్లాక్‌మన్ అను ఆఫ్రికా సంతతి గాయకుడు. జనులు అతనిని మొదట లార్డ్ షార్టీ అనియు, పిమ్మట రాస్ షార్టీ ఐ అనియు పిలిచిరి. అతని సంగీతమునకు పెట్టుబడిలో ఒక భాగము మన దేశమునుండి ఓడలలో పోయిన కూలీల పందిళ్ళలో దొరికినది. ఆ ఋణమును అతడు దాచలేదు. తాను పెట్టిన పేరులోనే వ్రాసియుంచెను. ఆ వ్రాతకు పట్టిన గతి విచిత్రమైనది.

ముందుగా ఆ కూలీల సంగతి కొంత తెలియవలెను. ట్రినిడాడ్ బ్రిటిషువారి పాలనలో నుండగా చెరకుతోటలలో పనిచేసినవారు ఆఫ్రికా బానిసలు. 1838 ఆగస్టు 1న వారికి పూర్ణ విముక్తి కలిగినది. కొరడా పోయిన పిమ్మట ఆ తోటలలో నిలుచుటకు వారిలో పెక్కురు ఒప్పలేదు. అంత తోటల యజమానులు భారతదేశమునుండి ఒడంబడిక కూలీలను తెప్పించిరి. ఫతెల్ రజాక్ అను మొదటి ఓడ 1845 మే 30న చేరెను. 1917 వరకు ఈ రాకడ సాగి, మొత్తము లక్షా నలువది వేలకు పైగా జనులు ఆ ద్వీపమున దిగిరి. వారిలో అధికులు కలకత్తా రేవున ఓడయెక్కిన భోజ్‌పురి, అవధి భాషలవారు. మదరాసు రేవున ఎక్కిన తమిళులును తెలుగువారును కొలదిమంది. తోటలలో ఈ ఇరువురకును మదరాసీలు అను ఒక్కటే పేరు. ఒకే ఓడలో వచ్చినవారు కులము, ఊరు చూడక ఒకరినొకరు జహాజీ భాయి, అనగా ఓడ సోదరుడు, అని పిలుచుకొనిరి.

తెలుగు పలుకువారు కొలది. తెలుగు నేర్పు బడి లేదు. కొన్ని తరములలో ఆ పలుకు అడుగంటిపోయినది. అధిక సంఖ్యాకుల భోజ్‌పురి కూడ కాలక్రమమున ఇంగ్లీషునకు చోటిచ్చినది. కాని భాష పోయినను వాద్యము పోలేదు. పెండ్లిండ్లలో డోలక్ నిలిచినది. నిలువు ఇనుపకడ్డీని గుఱ్ఱపునాడా వంటి చిన్న ఇనుపముక్కతో కొట్టు ధన్‌తాల్ నిలిచినది. పీర్ల పండుగనాటి తాషా నిలిచినది. మన పావగడ ప్రాంతమునను అనంతపురము సీమయందును పీర్లు ఎత్తునపుడు హిందువులు సైతము తప్పెటలతో నడచుట మీరెరుగుదురు. గూగూడు కుళ్ళాయిస్వామి కడకు ఏటేట ఎంత జనము పోవునో చెప్పనక్కరలేదు. ట్రినిడాడ్‌లోను అట్లే హిందూ ముస్లిము కూలీలు ఏకమై ఆ పండుగ చేసికొనుచుండిరి. ప్రభుత్వమునకు అది భయము గొలిపెను. 1884లో ఊరేగింపులు పట్టణములలోనికి రాగూడదని శాసించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణపు పొలిమేరలో ఊరేగింపుపై కాల్పులు జరిగెను. పదహారుగురికి తక్కువకాక మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. ఆ దశకముననే ఆఫ్రికా సంతతివారి డోళ్ళకును ప్రభుత్వము అడ్డుతగిలినది. వారు వెదురుబొంగులను నేలకు మోది తాళము పట్టిరి. తరువాతి తరములో డబ్బారేకులనుండియు నూనెపీపాలనుండియు స్టీల్ పాన్ అను వాద్యమునే పుట్టించిరి. డోలుకొరకు దెబ్బలు తిన్న రెండు జాతులు ఒకే ద్వీపమున నుండియు చాలకాలము ఒకరి డోలు నొకరు దూరముననే నిలిచి వినిరి.

అట్టి దేశమున 1941 అక్టోబరు 6న, దక్షిణ భాగమునందలి బారక్‌పూర్ ప్రాంతమున, లెంగ్వా అను గ్రామములో గార్ఫీల్డ్ బ్లాక్‌మన్ జన్మించెను. బారక్‌పూర్ అనునది మన బెంగాలు నగరము పేరే. లెంగ్వా అనగా స్పానిష్ భాషలో నాలుక యనియు, భాష యనియు అర్థము. 1797 వరకు ఆ ద్వీపమును స్పెయిన్ ఏలినది గనుక అట్టి పేర్లు అచట పెక్కు కలవు. గ్రామమున భారతీయులే మిక్కుటము. నల్లజాతి కుటుంబములు కొలది. ఆ బాలునికి చిన్ననాటి సంగీతమనగా పొరుగువారి పెండ్లిపందిరి సంగీతమే. డోలక్ దెబ్బయు, ధన్‌తాల్ మ్రోతయు అతనికి పరాయివి కాలేదు.

ఎల్లలయందు పుట్టిన మన విద్యార్థులకు ఈ స్థితిని వేరుగ వర్ణింప బనిలేదు. ఇంట తెలుగు, సంతలో కన్నడము, బస్సులో రెండును. ఏ మాట ఏ భాషదో ఎంచి మాటలాడువారెవరు? అనంతపురము వైపునుండి వచ్చిన చుట్టము మన మాట విని ఇది కన్నడపు తెలుగనును. తుమకూరువారు విని ఇది తెలుగు కన్నడమందురు. షార్టీకిని ఇట్టి ఇరువైపుల మాటయే పడవలసి వచ్చినది.

ట్రినిడాడ్ నల్లవారి పాటకు కాలిప్సో అని పేరు. బానిసకాలపు పాటలనుండి అది పెరిగినది. కాలిప్సో గాయకుడు వట్టి గాయకుడు కాడు. కవి, వార్తాహరుడు, విదూషకుడు, ఒక్కొక్కప్పుడు ప్రతిపక్ష నాయకుడును. ధర పెరిగినను, మంత్రి తప్పుచేసినను, ఊరిలో తగవు పుట్టినను ఆ యేటి పాటలోనికి ఎక్కవలసినదే. కార్నివాల్‌కు ముందు వారములలో టెంట్ అని పేరుగల ప్రదర్శనశాలలలో వారు తమ క్రొత్త పాటలను వినిపింతురు. బానిసల మనుమలైన వీరు తెల్లదొరల బిరుదులను పరిహాసముగా తామే ధరించిరి. ఒకడు లార్డ్ కిచెనర్. మరియొకడు మైటీ స్పారో, అనగా మహాబలుడగు పిచ్చుక. బ్లాక్‌మన్ ఆరడుగులకు మించిన నిలువెత్తు మనిషి. అతడు లార్డ్ షార్టీ, అనగా పొట్టిప్రభువు, అయ్యెను. మన పల్లెలలో స్థూలకాయునికి సన్నయ్య అని పేరుపెట్టి నవ్వుకొనుట వంటిదే ఇది.

1963లో క్లోక్ అండ్ డాగర్ అను పాటతో అతనికి మొదటి పేరు వచ్చినది. తరువాతి పది యేండ్లలో అతడు సరసపు పాటల గాయకుడుగా ప్రసిద్ధికెక్కెను. వానిలో కొన్ని హద్దుమీరినవని పెద్దలు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ నిరాధారము కాదు. ఆ పాటలను గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

చెప్పవలసిన కథ 1970 ప్రాంతమున మొదలగును. అప్పటికి జమైకానుండి రెగే వెల్లువవలె వచ్చుచుండెను. అమెరికానుండి సోల్ సంగీతము వచ్చుచుండెను. ట్రినిడాడ్ యువకులు వానికే చెవియొగ్గిరి. కాలిప్సో తాతలనాటి పాట యనిరి. ఇక కొన్ని యేండ్లలో కాలిప్సో చచ్చిపోవునను మాట పత్రికలలోను ప్రజలలోను వినబడెను. జమైకావారికి ఒక సౌకర్యము కలదు. ఒకే తాళపుబాణిని ముందుగా ముద్రించి, దానిపై పదిమంది గాయకులు పది వేర్వేరు పాటలు పాడి విడుదల చేయుదురు. దానిని వారు రిడిమ్ అందురు. మన కోలాటములో ఒకే వరుసకు పలు పాటలు కట్టుట వంటిదే. అందువలన అచటి క్రొత్త పాటలకు కొరతలేదు. కాలిప్సోయో, ఏడాదికొక పండుగను నమ్ముకొని బ్రతుకుచుండెను. దానిని బ్రతికింపవలెనన్న మాటలు మార్చిన చాలదు, నడక మార్చవలెనని షార్టీ తలచెను. నడక అనగా తాళము. క్రొత్త తాళమునకై ఇతరులు అమెరికా వైపు చూచిరి. షార్టీ లెంగ్వా వైపు చూచెను.

1973లో వచ్చిన ఇంద్రాణి అను పాటలో అతడు భారతీయ వాద్యములను బహిరంగముగనే కాలిప్సోలో చేర్చెను. ఫలితము రెండువైపుల దెబ్బ. కాలిప్సోను కూలివాండ్ర పాటగా మార్చుచున్నాడని నల్లజాతివారిలో కొందరు కోపించిరి. భారతీయులలో పెక్కురు మరియు కోపించిరి. ఆ పాటలో చిత్రింపబడిన భారతీయ స్త్రీ గౌరవనీయముగా లేదనియు, ఇది తమ జాతి కవమానమనియు వారు తలచిరి. నా మట్టుకు నాకు మొదటి కోపము సంకుచితమనియు, రెండవదానిలో న్యాయము కలదనియు తోచును. ఒకరి ఇంటి తాళమును అడిగి తెచ్చుకొనువాడు ఆ ఇంటి ఆడువారి పేరును జాగ్రత్తగా పలుకవలెను. షార్టీకి ప్రేమయున్నది గాని అప్పటికి ఆ మర్యాద ఇంకను అలవడలేదు.

ఇచట మరియొకడు చాలించుకొనెడివాడు. అతడు చాలించుకొనలేదు, వాద్యములను తీసివేసి తాళమును నిలుపుకొనెను. 1974లో వచ్చిన ఎండ్‌లెస్ వైబ్రేషన్స్ అను పాట ఈ యుక్తికి ఫలము. దీనిని కొంచెము నిదానముగా గ్రహింపవలెను.

డోలక్‌కు రెండు ముఖములు. ఎడమ ముఖము గంభీరముగా గుమ్మని మ్రోగును; కుడి ముఖము టంగున పలుకును. ఎడమచేయి నడకను చెప్పుచుండగా కుడిచేతి వ్రేళ్ళు నడుమ సందులను నింపును. వీనితో కూడ ధన్‌తాల్ ఎడతెగక టిక్కుటిక్కుమనుచు కాలమును కొలుచుచుండును. మన తప్పెటలోను ఇట్టి పనియే కలదు: లావుపుల్ల ఒక మాట చెప్పును, సన్నపుల్ల దానికి బదులు చెప్పును, ప్రక్కన తాళములవాడు ఎవరి మాటయు వినక తన లెక్క తాను పెట్టును. షార్టీ చేసినదేమన, డోలక్ ఎడమచేతి పనిని పాశ్చాత్య డ్రమ్ములలోని పెద్దడ్రమ్మునకును బేస్ గిటారునకును అప్పగించెను. కుడివ్రేళ్ళ పనిని చిన్నడ్రమ్ములకును గిటారు తీగలకును పంచెను. ధన్‌తాల్ పనిని పళ్ళెములవంటి తాళములకును, స్టీల్ పాన్ బృందములలో వాయించు ఇనుపముక్కకును ఇచ్చెను. ఇపుడు వేదికపై డోలక్ లేదు, ధన్‌తాల్ లేదు, ఇంద్రాణియు లేదు. వినువారికి ఇది భారతీయమని తోచలేదు. కాని కాళ్ళు కదలినవి. ఆ పాటలోని విషయమును అదియే. కార్నివాల్ పలుకుబడిని మార్చుడని అది వాయిద్యగాండ్రను కోరును. నిన్నటిదాక ఆక్షేపించినవారే ఆ పాటకు ఆడిరి. అటుపిమ్మట ఒకరివెంట నొకరు గాయకులు ఆ నడకను పట్టిరి. 1978లో అందరికంటె పెద్దవాడగు లార్డ్ కిచెనర్ సైతము షుగర్ బమ్ బమ్ అను పాటలో ఆ నడకనే నడిచెను. పెద్దాయన నడిచిన పిమ్మట ఇక చర్చ ముగిసినట్లే.

ఆ నూతన సంగీతమునకు షార్టీ పెట్టిన పేరు సోకా. ఇందు సో అనునది కాలిప్సో అను మాట చివరినుండి తీసినది. కా అనునది మనది. హిందీ వర్ణమాలలోని మొదటి హల్లగు క అక్షరమును భారతీయ తాళమునకు గుర్తుగా అతడు చేర్చెను. అతడు దానిని వర్ణమాలకే మొదటి అక్షరమనుకొనినట్లున్నది. తెలుగు పంతులుగా నేను అకారము ముందని చెప్పవలసియున్నది గాని, ఆరువేల క్రోసుల ఆవల ఎవడో ఒక నల్లజాతి గాయకుడు మన పలకమీది అక్షరమును తన జీవితకృషికి పేరుగా పెట్టుకొనినపుడు దిద్దుటకు చేయి రాదు. ఇంగ్లీషున అతడు ఆ పేరును ఎస్, ఓ, కె, ఎ, హెచ్ అను ఐదక్షరములతో వ్రాసెను. పత్రికలవారు దానిని ఎస్, ఓ, సి, ఎ అను నాలుగక్షరములకు కుదించిరి. వ్రాత మారగానే అర్థమును మారినది. కె అక్షరము పోయి సి వచ్చుటచే, సోల్ అను మాటలోని సో, కాలిప్సో అను మాటలోని కా కలిసి ఈ పేరు వచ్చినదని జనులు చెప్పుకొనసాగిరి. నేటికిని పెక్కురు చెప్పు వ్యుత్పత్తి అదియే. పలుకుటలో భేదము లేదు. కాని కాలిప్సో రెండు చివరలను రెండు చేతుల పట్టుకొనగా నడుమ మన క జారిపోయినది. వేదికపై డోలక్‌ను అతడు తానై దాచెను. పేరులోని అక్షరమును ఇతరులు తుడిచిరి.

విద్యార్థులారా, అతని పాట యొకటి మీరెరుగుదురు, ఎరుగుదుమని మీకు తెలియదు. 1970ల చివరి యేండ్లలో షార్టీ ఓం శాంతి ఓం అను సోకా పాటను విడుదల చేసెను. బాల్యమున లెంగ్వా వాకిళ్ళలో హిందువుల మంత్రములు విన్నవానికి ఆ మాటలు క్రొత్తవి కావు. ఆ వరుస 1980లో వచ్చిన కర్జ్ అను హిందీ చలనచిత్రములోనికి ప్రవేశించెను. సుభాష్ ఘయ్ దర్శకుడు. లక్ష్మీకాంత్ ప్యారేలాల్ సంగీతదర్శకులు. కిశోర్ కుమార్ గాయకుడు. గుండ్రముగా తిరుగు పెద్ద గ్రామఫోను రికార్డువంటి వేదికపై రిషికపూర్ ఆడెను. ఆ పాట దేశమంతట మారుమ్రోగినది. 2007లో వచ్చిన మరియొక హిందీ చిత్రమునకు ఆ మూడు మాటలే పేరైనవి. కూలీలతో కూడ డోలక్ చేరిన ద్వీపమునుండి, ఒక శతాబ్దము దాటిన పిమ్మట, నల్లజాతివాని కంఠమున కూర్పబడిన వరుస బొంబాయికి తిరిగివచ్చినదన్నమాట. వచ్చినది మన చుట్టమని ఎరిగినవారు బహు కొలది.

ఈ కాలముననే అతని మనస్సు మారసాగెను. 1973 తరువాత చమురు ధర పెరిగి ట్రినిడాడ్‌లో ధనము ప్రవహించినది. డబ్బునకు చింతలేదను ధీమా ప్రభుత్వములోను ప్రజలలోను పెరిగినది. ఆ ధీమాను షార్టీ ఒక పాటలో ఎత్తిపొడిచెను కూడ. కాని ఆ వేడుకల నడుమ తానును మునిగియే యుండెను. 1977లో అతని తోటి గాయకుడు, సోకాను పెంచినవారిలో ఒకడగు మాయెస్ట్రో, రోడ్డు ప్రమాదమున మరణించెను. ఆ మరణము అతనిని గట్టిగా కదల్చినది. తాను పుట్టించిన సంగీతము దేహమును ఆడించుచున్నది గాని ఆత్మను తాకుటలేదను వ్యథ బయలుదేరెను.

1980 ప్రాంతమున అతడు నగరపు వెలుగులను విడిచి, భార్యాబిడ్డలతో పిపారో అను అరణ్యప్రాంతమున కాపురముండెను. జడలు పెంచెను. నిరాడంబర జీవనము ప్రారంభించెను. లార్డ్ అను పరిహాసపు బిరుదును వదలి రాస్ షార్టీ ఐ అను పేరు ధరించెను. కీర్తి శిఖరముననున్న గాయకుడు అడవికి పోయినాడని వినినపుడు జనులు వింతపడిరి. పిచ్చి యనినవారును కలరు. అడవిలో అతడు మౌనము వహింపలేదు. తన బిడ్డలకు పాట నేర్పి, కుటుంబమునే బృందముగా కూర్చెను. దైవస్తుతితో కూడిన నూతన శైలిని కల్పించి దానికి జామూ అని పేరిడెను; యెహోవా సంగీతము అని దాని భావము. తాళములో సోకా అంశ విడువలేదు. పాటలోని మాట మాత్రము మారినది.

జామూ పాటలలో ప్రఖ్యాతమైనది 1989లో వచ్చిన వాచ్ అవుట్ మై చిల్డ్రన్. మాదకద్రవ్యముల వలలో పడవలదని తండ్రి బిడ్డలను హెచ్చరించు పాట అది. ఆ దశకమున ఆ ద్వీపములకు కొకైన్ వచ్చి యువకులను కబళించుచుండెను. ఒకప్పుడు పెద్దలు పిల్లల చెవులు మూయించిన గాయకుని పాటను ఇపుడు బడులలో పిల్లలచేత పాడించిరి. సోకాను ఇతరులు కేవలము మైమరపునకై వాడుచున్నారని అతడు తరచు నొచ్చుకొనెను. ఈ మాటలో కొంత కాఠిన్యము కలదు. ఆ త్రోవ తెరచినవారిలో తానును ఒకడు. అయినను సోకా అతని కొరకు ఆగలేదు. 1982లో మాంట్సెరాట్ దీవివాడగు యారో పాడిన హాట్ హాట్ హాట్ ప్రపంచమంతట తిరిగెను. 1987లో ద్రుపతీ రామ్‌గునై అను భారతీయ సంతతి గాయని డోలక్‌ను, ధన్‌తాల్‌ను తిరిగి వేదికపైకి తెచ్చి చట్నీ సోకా అను శాఖకు పేరుపెట్టినది. పధ్నాలుగేండ్ల క్రితము షార్టీ పాటను నిందించిన సమాజములో కొందరు ఈ ఆడబిడ్డనును నిందించిరి. ఆమె మానలేదు.

ఇచట సుందర్ పోపో అను మరియొక గాయకుని స్మరింపవలెను. అతడును బారక్‌పూర్ ప్రాంతమువాడే. షార్టీకంటె రెండేండ్లు చిన్న, 1943 నవంబరులో పుట్టెను. భారతీయ కుటుంబపు బిడ్డడగు ఇతడు 1970 ప్రాంతమున తాత అమ్మమ్మలను గూర్చి హిందీ ఇంగ్లీషు మాటలు కలిపి, డోలక్ ప్రక్కన గిటారును చేర్చి పాడి పేరొందెను. ఒకే నేలపై పుట్టిన ఇరువురిలో ఒకడు కాలిప్సో నుండి డోలక్ వైపు, మరియొకడు డోలక్ నుండి గిటారు వైపు నడిచిరి. నేటి సోకా, చట్నీ పాటలు వారు కలిసికొనిన చోటునుండి వచ్చినవే.

2000 సంవత్సరము ట్రినిడాడ్ సంగీతమునకు చెడ్డయేడు. ఫిబ్రవరి 11న లార్డ్ కిచెనర్ మరణించెను. మే 2న సుందర్ పోపో మరణించెను. ఎముకమూలుగకు పట్టిన కేన్సరుతో బాధపడిన రాస్ షార్టీ జులై 12న కన్నుమూసెను. అప్పటికి అతనికి ఏబది యెనిమిది యేండ్లు. అతని బిడ్డలలో పెక్కురు గాయకులైరి.

ఎండ్‌లెస్ వైబ్రేషన్స్ పుట్టిన 1974లోనే పుట్టిన మషెల్ మొంటానో నేటి సోకా గాయకులలో అగ్రగణ్యుడు. సోకా పాడువారు కాలిప్సో వారసులు కారని పెద్దలు చిరకాలము వాదించిరి. 2024 కార్నివాల్‌లో ఇతడు కాలిప్సో పోటీలోనే నిలిచి కిరీటము గెలిచెను. గెలిచిన పాట పేరు సోల్ ఆఫ్ కాలిప్సో. సి అక్షరముతో వ్రాయు సోకాకు జనులు చెప్పు అర్థమే అది.